కాల్ ధర దానంతట అదే తగ్గలేదు

సంపాదకులకు,
నమస్కారం.

టెలిఫోన్ సంభాషణ ఖర్చు దశాబ్దాలుగా ఎలా తగ్గుతూ వచ్చిందో వివరిస్తూ ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఒకప్పుడు ఖండాలు దాటే కాల్ సంపన్నులకే అందేదని, ఇప్పుడది దాదాపు ఉచితమైందని, ఇదంతా సాంకేతిక పరిజ్ఞానం చలవేనని వ్యాసకర్త రాశారు. మొదటి రెండు మాటలతో నాకు పేచీ లేదు. మూడో మాట మాత్రం సగమే నిజం. కాల్‌ను ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేయడానికయ్యే ఖర్చు తగ్గడం వేరు, చందాదారు కట్టే ధర తగ్గడం వేరు. ఖర్చును ఇంజనీర్లు తగ్గించారు. ఆ తగ్గుదల చందాదారు బిల్లు దాకా రావడానికి చాలాసార్లు కోర్టు కేసులు, చట్టాలు, నియంత్రణ సంస్థల ఆదేశాలు కావలసివచ్చాయి. ఈ తేడాను పట్టించుకోకపోతే ఈనాటికీ కొన్నిచోట్ల కాల్ ఎందుకింత ప్రియంగా ఉందో అర్థం కాదు. అందుకే కొంత వివరంగా రాస్తున్నాను, నిడివికి మన్నించగలరు.

నేను కొన్నేళ్ళు, ఊళ్ళ మధ్య దూరపు కాల్స్‌ను కలిపే ట్రంకు ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా పనిచేశాను. దూరపు కాల్ కావాలని చందాదారు చెప్పగానే మేము ఒక చీటీ రాసుకునేవాళ్ళం: అడిగినవారి నంబరు, కావలసిన ఊరు, అక్కడి నంబరు, ఎవరు తీసినా ఫరవాలేదా లేక ఫలానా మనిషే లైనులోకి రావాలా అన్న వివరం. ఆ చీటీ తన వంతు వచ్చేదాకా వరుసలో ఉండేది. మా ముందున్న బోర్డు మీద ఒక్కో దిశకు వెళ్ళే సర్క్యూట్లు, అంటే ఒక్కో సంభాషణను మోసే దారులు, వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. ఒకటి ఖాళీ కాగానే త్రాడు చివరి ప్లగ్గును జాక్‌లో గుచ్చి అవతలి ఎక్స్ఛేంజిని పిలిస్తే, అక్కడి ఆపరేటర్ తన బోర్డు మీద అదే పని చేసి ఆ తర్వాతి ఎక్స్ఛేంజిని పిలిచేవారు. అలా ముగ్గురు నలుగురి చేతుల మీదుగా దారి ఏర్పడ్డాక, అవతలివారు లైనులోకి వచ్చిన క్షణాన గడియారం చూసి చీటీ మీద వేళ వేసేవాళ్ళం. మూడు నిమిషాలు నిండగానే మధ్యలో ప్రవేశించి ‘మూడు నిమిషాలైంది, పొడిగించమంటారా?’ అని అడగడం మా విధి. ఆ ప్రశ్న వినగానే ఇద్దరి గొంతుల్లోనూ తొందర కనిపించేది. అప్పటిదాకా క్షేమసమాచారాలతోనే సరిపోయి, అసలు సంగతి అప్పుడే మొదలయ్యేది. కొందరు చెప్పవలసినవన్నీ ముందే కాగితం మీద రాసుకుని, లైను కలవగానే గుక్క తిప్పుకోకుండా చదివేసేవారు. ఇవతలివారు చదవడం పూర్తయ్యేసరికి, అవతలివారు బదులు చెప్పడానికి వ్యవధి మిగిలేది కాదు.

ఆ మూడు నిమిషాల ధరలో ప్రధానంగా రెండు ఖర్చులు కలిసి ఉండేవి. ఒకటి కాల్ కలపడానికి పట్టే మనుషుల సమయం, రెండోది సర్క్యూట్ల కొరత. ఈ కొరత ఎంత తీవ్రంగా ఉండేదో రెండు తేదీలు చెబుతాయి. 1915 జనవరి 25న న్యూయార్క్‌లో ఉన్న అలెగ్జాండర్ గ్రాహం బెల్, శాన్ ఫ్రాన్సిస్కోలో ఉన్న తన పూర్వపు సహాయకుడు థామస్ వాట్సన్‌తో మాట్లాడి, అమెరికాను ఒక తీరం నుంచి మరో తీరానికి కలిపే లైనును ప్రారంభించారు. రాగి తీగ మీద దూరం వెళ్ళేకొద్దీ గొంతు క్షీణిస్తుంది కనుక, దారి పొడవునా వాక్యూమ్ ట్యూబు యాంప్లిఫయర్లు పెట్టి దాన్ని మళ్ళీ బలపరచవలసివచ్చింది. ఆ లైనులో మొదటి మూడు నిమిషాల ధర 20 డాలర్ల 70 సెంట్లు. 1927 జనవరి 7న న్యూయార్క్, లండన్ నగరాల మధ్య రేడియో తరంగాల మీద టెలిఫోన్ సేవ మొదలైనప్పుడు అదే మూడు నిమిషాలకు 75 డాలర్లు వసూలు చేశారు. అట్లాంటిక్ మహాసముద్రానికి అటూ ఇటూ ఉన్న కోట్లాది ప్రజలందరికీ కలిపి మొదట్లో ఒకేసారి ఒక్క సంభాషణకే చోటుండేది. వాతావరణం అనుకూలించకపోతే అదీ ఉండేది కాదు.

1956 సెప్టెంబర్ 25న ఈ స్థితి మారింది. స్కాట్లాండ్‌లోని ఓబన్ నుంచి కెనడాలో న్యూఫౌండ్లాండ్ ద్వీపంలోని క్లారెన్‌విల్ దాకా సముద్రం అడుగున వేసిన మొదటి అట్లాంటిక్ టెలిఫోన్ కేబులు, టాట్-1, ఆ రోజు పని మొదలుపెట్టింది. ఒకేసారి 36 సంభాషణలకు అందులో చోటు దొరికింది. మాట వెళ్ళడానికి ఒక కేబులు, తిరిగి రావడానికి ఇంకొకటి. ఒక్కోదానిలో, క్షీణించే గొంతును మళ్ళీ బలపరిచే 51 రిపీటర్లు. ఒకసారి సముద్రంలోకి దించాక ఎవరూ ముట్టుకోలేని ఆ రిపీటర్లలోని వాక్యూమ్ ట్యూబులు ఇరవై ఏళ్ళకు పైగా, 1978లో కేబులును విరమింపజేసేదాకా, గొంతులను మోశాయి. తొలి 24 గంటల్లో లండన్ నుంచి అమెరికాకు 588 కాల్స్, కెనడాకు 119 కాల్స్ వెళ్ళాయి. మూడు నిమిషాల ధర అప్పటికి 12 డాలర్లకు దిగింది. అది కూడా సామాన్యుడు పెళ్ళికో చావుకో తప్ప పెట్టలేని ఖర్చే.

ఆ కేబులుతోనే జరిగిన మరో పనిని వ్యాసకర్త ప్రస్తావించి ఉండవలసింది. ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు ఒకరు మాట్లాడితే రెండోవారు వింటారు. మాటకూ మాటకూ మధ్య విరామం కూడా ఉంటుంది. అంటే ఒక్కో దిశలో ఒక్కో సర్క్యూట్ సగానికి పైగా సమయం ఊరికే పడి ఉంటుంది. 1960లో ఈ కేబులుకు టాసి అనే పరికరాన్ని అమర్చారు. ఎవరైనా మాట మొదలుపెట్టిన మరుక్షణంలో అది దాన్ని పసిగట్టి, ఆ క్షణానికి ఖాళీగా ఉన్న దారిని వారికి ఇచ్చేది. వారు ఆగగానే అదే దారిని ఇంకొకరికి ఇచ్చేది. మాట్లాడుకునేవారికి తమ వాక్యాలు వేర్వేరు దారుల్లో సముద్రం దాటుతున్నాయని తెలిసేది కాదు. సముద్రంలో కొత్తగా ఒక్క మూర తీగ కూడా వేయకుండానే కేబులు సామర్థ్యం దాదాపు రెట్టింపయింది. ఈనాడు ఇంటర్నెట్ మీద మన మాటలు చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోయి, ఎక్కడ చోటుంటే అక్కడ దూరి వెళ్ళే పద్ధతికీ దీనికీ సూత్రంలో దగ్గరి పోలిక ఉంది.

ఇక మనుషుల సమయం. ఆపరేటర్ లేకుండా చందాదారే నంబరు తిప్పుకునే స్వయంచాలిత ఎక్స్ఛేంజిని ఆల్మన్ స్ట్రోజర్ అనే అమెరికన్ రూపొందించారు. 1892లో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో అది మొదటిసారి పనిచేసింది. ఊళ్ళోపల కాల్స్‌కు ఈ పద్ధతి త్వరగానే వ్యాపించినా, దూరపు కాల్స్‌కు ఆపరేటర్ ఇంకో అరవై ఏళ్ళు తప్పలేదు. 1951 నవంబర్ 10న న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్ మేయర్ కాలిఫోర్నియాలోని అలమేడా మేయర్‌కు స్వయంగా డయల్ చేసి కాల్ చేశారు. లైను కలవడానికి 18 సెకన్లు పట్టింది. మా బోర్డు మీద అదే పనికి ఎంతసేపు పట్టేదో తలచుకుంటే ఆ అంకె విలువ నాకు బాగా తెలుస్తుంది.

అంతకన్నా ముఖ్యమైనదిగా నేను భావించేది 1958 డిసెంబర్ 5న ఇంగ్లండులోని బ్రిస్టల్ నుంచి రెండో ఎలిజబెత్ రాణి ఎడిన్‌బరోకు చేసిన కాల్. నేరుగా డయల్ చేయడం అందులో ఒక విశేషం మాత్రమే. ఆ కాల్ 2 నిమిషాల 5 సెకన్లు సాగింది, ఖర్చు ఆనాటి నాణెంలో 10 పెన్నీలు. అంతవరకు దూరపు కాల్ చేసినవారు ఒక్క నిమిషమే మాట్లాడినా మూడు నిమిషాల సొమ్ము కట్టవలసిందే. ఎందుకంటే చీటీ రాసి, దారి కలిపి, వేళ వేసే శ్రమ ఒక నిమిషానికైనా పది నిమిషాలకైనా ఒకటే. కాల్ వ్యవధిని తనంతట తానే లెక్కించే మీటరు ఆ శ్రమను తప్పించాక కనీస వ్యవధి అవసరం లేకపోయింది. మాట్లాడినంతసేపటికే, దూరాన్నిబట్టి కొన్ని సెకన్లకొక యూనిట్ చొప్పున సొమ్ము పడేది. ‘చేరాను, క్షేమం’ అని చెప్పి పెట్టేయడానికి చిన్న మొత్తం సరిపోతుందని తెలిశాక సామాన్యులు కూడా దూరపు కాల్ చేయడానికి ధైర్యం చేశారు. రేటు కార్డులో అంకె అంతగా మారకపోయినా, కొలిచే పద్ధతి మారితే పేదవాడికి తలుపు తెరుచుకుంటుందని నేను అనేది ఇందుకే.

అదే కాలంలో రాత్రి రేటు, సెలవు రోజు రేటు కూడా చాలా దేశాల్లో అలవాటయ్యాయి. పగలు వ్యాపార సంస్థల కాల్స్‌తో కిక్కిరిసిన సర్క్యూట్లు రాత్రి ఖాళీగా ఉంటాయి కనుక, ఆ ఖాళీని తక్కువ ధరకు ఇచ్చారు. ఇళ్ళలో పిల్లలు నిద్రమాని, రేటు తగ్గే గంట కొట్టేదాకా ఫోను చుట్టూ కూర్చున్న కాలం అది.

తర్వాతి దశాబ్దాల సాంకేతిక ప్రగతి అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. 1962లో అమెరికాలో ప్రవేశపెట్టిన, మాటను అంకెలుగా మార్చి పంపే డిజిటల్ పద్ధతి రెండు జతల తీగల మీద 24 సంభాషణలను పంపింది. 1965లో ప్రయోగించిన ఎర్లీ బర్డ్ ఉపగ్రహం 240 టెలిఫోన్ సర్క్యూట్లను ఇచ్చింది. గాజు తంతువు గుండా కాంతి రూపంలో మాటను పంపవచ్చని చార్లెస్ కావో 1966లో సిద్ధాంతరీత్యా చూపారు. 2009లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. 1988 డిసెంబరులో అట్లాంటిక్ అడుగున పనిచేయడం మొదలుపెట్టిన మొదటి ఫైబర్ కేబులు, టాట్-8, ఒకేసారి 40,000 సంభాషణలకు సరిపోయింది. 36 నుంచి 40,000కు రావడానికి పట్టింది 32 ఏళ్ళు.

వ్యాసకర్త ఇక్కడే ఆగిపోయారు. నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. సర్క్యూట్లు వెయ్యి రెట్లు పెరిగినప్పుడు ధర వెయ్యో వంతుకు రావాలి కదా? రాలేదు. 1980ల చివర్లో కూడా చాలా దేశాల్లో అంతర్జాతీయ కాల్ చేసేటప్పుడు జనం గడియారం చూసుకుంటూనే మాట్లాడారు. దీనికి కారణం అప్పట్లో దాదాపు ప్రతి దేశంలోనూ టెలిఫోన్ సేవ ఒకే సంస్థ చేతిలో ఉండడం. కొన్నిచోట్ల అది ప్రభుత్వ శాఖ, కొన్నిచోట్ల ప్రైవేటు గుత్త సంస్థ. వారి పక్షాన చెప్పవలసిన న్యాయమైన మాట ఒకటుంది. దూరపు కాల్స్ మీద వచ్చే మిగులుతో ఇంటి కనెక్షన్ అద్దెను, ఊళ్ళోపల కాల్స్ ధరను తక్కువగా ఉంచారు, పల్లెలకు లైన్లు వేశారు. దూరపు కాల్ చేసేవాడు ధనవంతుడు, దగ్గరి కాల్ చేసేవాడు సామాన్యుడు అన్న లెక్క ఆ విధానానికి ఆధారం. పొట్ట చేతపట్టుకుని వలసపోయినవాళ్ళకు దూరపు కాలే నిత్యావసరమన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

అమెరికాలో ఈ గుత్తాధిపత్యం ఎలా సడలిందో చూడండి. 1969లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, షికాగో, సెయింట్ లూయిస్ నగరాల మధ్య తీగ లేకుండా టవర్ల మధ్య రేడియో తరంగాల మీద కాల్స్ పంపే మైక్రోవేవ్ మార్గం నడుపుకోవడానికి ఎంసీఐ అనే చిన్న సంస్థకు అనుమతినిచ్చింది. అప్పటిదాకా అమెరికాలో టెలిఫోన్ సేవను గుప్పిట్లో పెట్టుకున్న సంస్థ ఏటీ&టీ దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. 1974లో ప్రభుత్వం ఏటీ&టీ మీద గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద దావా వేసింది; 1982లో రాజీ కుదిరి, 1984 జనవరి 1న ఆ సంస్థ స్థానిక కంపెనీలన్నీ విడివడ్డాయి. ఆ తర్వాత దూరపు కాల్స్ కోసం కంపెనీలు పోటీపడి రేట్లు తగ్గించాయి. మైక్రోవేవ్ టవర్లు అంతకు ముప్ఫై ఏళ్ళ కిందటి నుంచే ఉన్నాయి. వాటి వల్ల కలిగిన ఆదా చందాదారుకు చేరడానికి ఒక దావా, ఒక విభజన కావలసివచ్చాయి.

దేశాల మధ్య కాల్స్ సంగతి మరింత చిక్కైనది. ఒక దేశంలో ఒకరు కాల్ చేస్తే, దాన్ని అవతలి దేశపు సంస్థ తన చందాదారు దాకా చేరవేయాలి. ఈ పనికి నిమిషానికి ఇంత అని రెండు సంస్థలూ ముందుగా ఒక లెక్క రేటు కుదుర్చుకుని, కాల్ బయల్దేరిన వైపువారు అందులో సాధారణంగా సగం అవతలివారికి కట్టేవారు. ఆ రేటుకూ అసలు ఖర్చుకూ పొంతన ఉండేది కాదు. కాల్స్ ఎక్కువగా అందుకునే పేద దేశాలకు అది విలువైన విదేశీ మారక ద్రవ్యం కనుక, తగ్గించడానికి అవి ఇష్టపడేవి కావు. ఆ రేటును సాకుగా చూపి తమ లాభాన్ని కూడా కలిపి వసూలు చేసుకున్న సంపన్న దేశాల కంపెనీలూ తక్కువ తినలేదు. అటు తల్లికి, ఇటు కొడుకుకు మధ్య జరిగే సంభాషణ మీద రెండు వైపులా రుసుము పడేది.

దీన్ని తప్పించుకోవడానికి పుట్టిందే కాల్‌బ్యాక్. ప్రియమైన దేశంలో ఉన్నవారు చౌక దేశంలోని ఒక నంబరుకు కాల్ చేసి, అటు తీయకముందే పెట్టేస్తే, అక్కడి కంప్యూటరు వెంటనే తిరిగి కాల్ చేసి వారికి డయల్ టోన్ ఇచ్చేది. ఇక కాల్ చౌక దేశం నుంచి బయల్దేరినట్టే లెక్క. చాలా ప్రభుత్వాలు దీన్ని నిషేధించినా జనం వాడుతూనే వచ్చారు. చివరికి 1997 ఫిబ్రవరిలో ప్రపంచ వాణిజ్య సంస్థలో 69 ప్రభుత్వాలు తమ టెలికాం మార్కెట్లను తెరవడానికి ఒప్పుకున్నాయి. అదే సంవత్సరం అమెరికా నియంత్రణ సంస్థ తమ కంపెనీలు విదేశీ సంస్థలకు నిమిషానికి 15 నుంచి 23 సెంట్ల దాకా, ఆయా దేశాల ఆదాయ స్థాయినిబట్టి, అంతకు మించకుండా చెల్లించాలని ఆదేశించింది. ఈ ఆదేశం మీద ఎన్నో దేశాలు నిరసన తెలిపాయి. వాటి ఆదాయం పడిపోయిన మాట నిజమే. అయినా మాట్లాడుకునే ఇద్దరి వైపు నుంచి చూస్తే అది న్యాయమైన నిర్ణయమని నా అభిప్రాయం.

ఇంటర్నెట్ కాల్ ఈ తలుపును పూర్తిగా తెరిచింది. 1995లో ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ సంస్థ కంప్యూటర్ల మధ్య మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది. మాట తెగిపోయేది, ఆలస్యంగా చేరేది, అయినా మీటరు తిరిగేది కాదు. 2003లో స్కైప్ వచ్చాక అది ఇళ్ళలోకి చేరింది. ఒక తరానికి విదేశీ కాల్ అంటే స్కైపే. ఆ సేవ 2025 మే నెలలో ముగిసిపోయింది. ప్యాకెట్ల పద్ధతిలో దూరానికీ, సమయానికీ ధర కట్టే అవసరం లేదు. పాత డిజిటల్ ఎక్స్ఛేంజి ఒక్కో గొంతుకు సెకనుకు 64,000 బిట్లు కేటాయిస్తే, జీఎస్ఎం అనే డిజిటల్ పద్ధతిలో పనిచేసిన తొలి మొబైళ్ళు సుమారు 13,000 బిట్లతోనే పని జరిపాయి. వీడియో చూసే ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఈ మాత్రం బరువు లెక్కలోకి రాదు. అయితే ఇది ఉచితమనడం సరికాదు. ఫోను కొనేది మనమే, దానికి కరెంటు పెట్టేది మనమే, డేటాకు నెలనెలా కట్టేదీ మనమే. వెనుకటి ఫోనుకు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచే తీగ మీద కరెంటు వచ్చేది కనుక, ఇంట్లో కరెంటు పోయినా అది మోగేది. ఆ ఖర్చు అప్పుడు సంస్థది, ఇప్పుడు మనది.

మొబైల్ విషయానికి వస్తే, 1973 ఏప్రిల్ 3న మార్టిన్ కూపర్ న్యూయార్క్ వీధిలో నిలబడి చేతిలో పట్టుకునే ఫోనుతో తొలి కాల్ చేశారు. పదేళ్ళ తర్వాత అమ్మకానికి వచ్చిన ఆ ఫోను ధర 3,995 డాలర్లు. 1991 జూలై 1న ఫిన్లాండ్‌లో తొలి జీఎస్ఎం కాల్ జరిగింది. తర్వాతి ఇరవై ఏళ్ళలో మొబైల్ పేదల చేతికి కూడా చేరింది. నిమిషం ధర భరించలేనివారు మోగించి పెట్టేసే మిస్డ్ కాల్‌తోనే ‘వచ్చేశాను’, ‘బయల్దేరు’, ‘నువ్వే చెయ్యి’ అని చెప్పుకోవడం ఎన్నో దేశాల్లో, ఎవరూ నేర్పకుండానే, అలవాటయింది. ధర ఎక్కువైనప్పుడు మనుషులు మాట మానుకోలేదు, మాటనే కుదించుకున్నారు.

నా వాదనకు అన్నిటికన్నా బలమైన రుజువు యూరప్ రోమింగ్. ఐరోపా సమాఖ్యలో ఒక దేశపు చందాదారు పక్క దేశానికి వెళ్ళి ఫోను చేస్తే కంపెనీలు విపరీతంగా వసూలు చేసేవి. 2007 నుంచి సమాఖ్య ఆ రేట్లకు పరిమితులు విధిస్తూ వచ్చి, 2017 జూన్ 15న సాధారణ వాడకానికి అదనపు రోమింగ్ ఛార్జీలను తొలగించింది. 14వ తేదీన ఉన్న టవర్లే 15న ఉన్నాయి, అవే కేబుళ్ళు, అవే ఫోన్లు. ఆ రాత్రి మారింది చట్టం ఒక్కటే. 2019 మే 15 నుంచి సమాఖ్యలోని ఒక దేశం నుంచి మరో దేశానికి చేసే కాల్‌కు కూడా, పన్ను కాక, నిమిషానికి 19 యూరో సెంట్ల పరిమితి పెట్టారు. ఆదేశంతోనే దిగివచ్చిన ఆ ధరలో అంతవరకు ఖర్చు పాలెంత, లాభం పాలెంత అన్నది పాఠకులే ఊహించగలరు.

ఇంత జరిగినా కాల్ ప్రియంగానే మిగిలిన చోట్లు ఉన్నాయి. వాటిలో నన్ను ఎక్కువగా బాధించేది జైలు ఫోను. ఖైదీకి కంపెనీని ఎంచుకునే వీలు లేదు, బిల్లు కట్టేది బయట ఉన్న కుటుంబం. అమెరికాలో చాలాచోట్ల జైళ్ళకు ఫోను సేవలందించే కంపెనీలు వచ్చిన సొమ్ములో కొంత జైలు యంత్రాంగానికే కమిషన్‌గా ఇచ్చేవి. అందువల్ల ఎక్కువ ధర చెప్పిన కంపెనీకే కాంట్రాక్టు దక్కే అవకాశం ఉండేది. మార్థా రైట్ అనే వృద్ధురాలు జైల్లో ఉన్న తన మనవడితో మాట్లాడే ఖర్చు భరించలేక 2000లో కోర్టుకెక్కారు. ఆమె 2015లో కన్నుమూశారు. జైలు కాల్స్ రేట్లు న్యాయంగా ఉండేలా చూసే అధికారాన్ని నియంత్రణ సంస్థకిచ్చే చట్టం ఆమె పేరుతోనే 2023 జనవరిలో అమల్లోకి వచ్చింది. కనెక్టికట్ రాష్ట్రం ఖైదీల కాల్స్‌ను ఉచితం చేస్తూ 2021లోనే చట్టం చేసింది. సముద్రం కింద గాజు తంతువుల మీద లక్షల గొంతులు ఒకేసారి వెళ్తున్న కాలంలో, మనవడి గొంతు వినడానికి ఒక వృద్ధురాలు మొదలుపెట్టిన పోరాటం ఇరవై ఏళ్ళకు పైగా నడవవలసివచ్చింది. దీన్ని ‘సాంకేతిక ప్రగతి’ అనే ఒక్క మాటతో ఎలా వివరించగలం?

మరొక లోపం ఉచిత కాల్ యాప్‌ల లోపలే ఉంది. మామూలు టెలిఫోన్‌కున్న గొప్ప గుణం, ఏ కంపెనీ ఫోను నుంచైనా ఏ కంపెనీ ఫోనుకైనా కాల్ వెళ్ళడం. అది మొదటి నుంచీ ఉన్నది కాదు. బెల్ పేటెంట్ల గడువు 1890లలో ముగిశాక అమెరికా పట్టణాల్లో పోటీ కంపెనీలు పుట్టుకొచ్చాయి. ఒకదాని చందాదారు రెండోదాని చందాదారుతో మాట్లాడలేక, వ్యాపారులు రెండేసి ఫోన్లు పెట్టుకోవలసివచ్చింది. 1913లో ప్రభుత్వ ఒత్తిడి వల్ల ఏటీ&టీ తన దూరపు లైన్లను ఇతర కంపెనీలకు కలపడానికి ఒప్పుకుంది. ఈనాడు మనం సరిగ్గా ఆ రెండు ఫోన్ల కాలానికి తిరిగి వెళ్ళాం. ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు కాల్ వెళ్ళదు కనుక, ఎవరెవరు ఎందులో ఉన్నారో చూసుకుని నాలుగైదు యాప్‌లు ఫోనులో పెట్టుకుంటున్నాం. స్మార్ట్‌ఫోను వాడలేని పెద్దవారికి వీటిలో ఏదీ పనికిరాదు. వారికి విదేశం నుంచి మామూలు నంబరుకే చేయాలి, అప్పుడు నిమిషాల లెక్కనే సొమ్ము పడుతుంది. ఐరోపా సమాఖ్య డిజిటల్ మార్కెట్ల చట్టం పెద్ద మెసేజింగ్ సేవలు కోరిన ఇతర సేవలతో కలవాలని, ముందు సందేశాలతో మొదలుపెట్టి కాల్స్‌కు నాలుగేళ్ళ గడువుతో, నిర్దేశించింది. మిగతా దేశాలు కూడా దీన్ని పరిశీలించాలి.

కాల్స్ చౌకైనందువల్లే మోసపు కాల్స్ పెరిగాయని, కొంత ధర ఉంటేనే మంచిదని కొందరు వాదిస్తున్నారు. మొదటి సగం నిజం. నిమిషానికి డాలర్లు ఖర్చయ్యే రోజుల్లో లక్షలమందికి కాల్ చేసి మోసగించడం ఎవరికీ గిట్టుబాటయ్యేది కాదు. కానీ అందుకు మందు ధర పెంచడం కాదు. మోసగాళ్ళకు అసలు బలం ఇంకొకరి నంబరును తమదిగా చూపించగలగడంలో ఉంది. అమెరికాలో 2019 నాటి చట్టం, కాల్ ఏ నంబరు నుంచి వస్తున్నదో ధ్రువీకరించే ఏర్పాటును నెట్‌వర్కులకు తప్పనిసరి చేసింది. ఆ దారిలో వెళ్ళాలి. వేలమంది దొంగలను ఆపడానికని కోట్లమంది కుటుంబాల మాట మీద మళ్ళీ మీటరు పెట్టడం అన్యాయం.

వ్యాసకర్త ఈ అంశం మీద మరో భాగం రాస్తానని ప్రకటించారు కనుక నా విన్నపం ఇది. పాత ధరల పక్కన కొత్త ధరలు వేసి పోల్చేటప్పుడు, నేటికీ నిమిషాల లెక్కన సొమ్ము గుంజుతున్న సేవలను కూడా అదే పట్టికలో వేయండి: జైలు ఫోన్లు, విదేశీ రోమింగ్, యాప్ లేని ఫోనుకు చేసే అంతర్జాతీయ కాల్. ఒక్కో దాని పక్కన ఆ ధరను నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందో కూడా రాయండి. ఆ ధర తగ్గించమని పాఠకులు ఎవరిని అడగాలో అప్పుడు వారికి తెలుస్తుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ట్రంకు ఆపరేటర్